పడవ లేని ఇల్లు
(గ్రంథాలయ వారోత్సవాల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లల ముందు చేసిన ప్రసంగం)

పిల్లలకీ, మన మత్స్యకార వాడ పెద్దలకీ నమస్కారం.

మన పాఠాల్లో సముద్రం అంటే ఒడ్డున నిలబడి చూసేదే. సూర్యోదయం, కెరటాలు, గవ్వలు. మీ నాన్నలకి మాత్రం అది పని చేసే చోటు. సముద్రాన్ని అలా చూపిన నవల ఒకటి మీ ఈడు పిల్లల కోసం ఉంది. అనితా దేశాయ్ 1982లో ఇంగ్లీషులో రాసిన ‘ది విలేజ్ బై ద సీ’. మరుసటేడు దానికి గార్డియన్ బాలసాహిత్య బహుమతి వచ్చింది.

మహారాష్ట్రలో అలీబాగ్ దగ్గర థుల్ అనే ఊరు. హరికి పన్నెండేళ్ళు, అక్క లీలకి పదమూడు. వాళ్ళ తర్వాత ఇద్దరు చెల్లెళ్ళు. తల్లి మంచం పట్టింది. తండ్రి తాగి తాగి అప్పులకి పడవ అమ్మేశాడు.

ఈ నవలలో నన్ను కదలనివ్వనిది ఆ లేని పడవే. వాడలో పడవ లేని ఇల్లంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. బోట్లు ఒడ్డుకొచ్చే వేళ అందరూ బుట్టలు పట్టుకుని పరిగెడతారు, ఆ ఇంటివాళ్ళు గుమ్మంలో నిలబడతారు. హరి లోతు లేని నీళ్ళలో వల వేస్తే పడేవి చిన్న చిన్న చేపలే. నా చిన్నప్పుడు పెద్దవల లాగడానికి వెళ్ళేవాణ్ణి. తడిసిన తాడుకి ఇసక పట్టి అరచేతులు ఒలిచేసేది. వలకి వాటా, పడవకి వాటా పోయాక లాగినవాళ్ళం పంచుకునేవాళ్ళం. నా తువ్వాలులో పిడికెడు నెత్తళ్ళు పడేవి. హరి వల గురించి చదువుతుంటే ఆ పిడికెడే కళ్ళ ముందు మెదిలింది.

చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. అక్కడి సముద్రానికి కోపం వచ్చే కాలం వేరు. నైరుతి గాలి కొంకణం తీరాన్ని ఎదురుగా కొడుతుంది. మనకి వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అది తీరి మనం పడవలు దింపే వేళకి వాళ్ళు పైకి లాగేసుకుంటారు. మళ్ళీ శ్రావణ పౌర్ణమికి అక్కడి మత్స్యకారులైన కోలీలు సముద్రానికి కొబ్బరికాయ సమర్పిస్తారు. మనకి భయం అక్టోబరు, నవంబరు తుఫానులతో. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12నే కదా.

థుల్‌లో ఎరువుల ఫ్యాక్టరీ కడతారని తెలిసి ఊరివాళ్ళు బొంబాయి వెళ్ళి ఊరేగింపు తీస్తారు. వాళ్ళతో వెళ్ళిన హరి అక్కడే ఆగిపోయి ఓ చిన్న హోటల్లో పనికి కుదురుతాడు, పక్కనే ఓ ముసలాయన దగ్గర గడియారాలు బాగుచేయడం నేర్చుకుంటాడు. మన శ్రీకాకుళం కుర్రాళ్ళు గుజరాత్‌లోని వెరావల్‌కి బోటు పనికి వెళ్ళడం దీనికి దగ్గరి కథే. 2018 నవంబరులో వాళ్ళలో కొందరు పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. ఆ నెలలన్నీ ఇక్కడ ఒక్కో గుమ్మం ఎలా గడిపిందో కథగా రాయాల్సిన పిల్లలు ఈ గదిలోనే ఉన్నారని నా నమ్మకం.

నవలలో నాకొక లోటు కనిపించింది. రాత్రంతా వేటలో ఉన్న పడవలో ఏం జరుగుతుందో రచయిత్రి లోపలికెళ్ళి చూపించలేదు. బోటు నడిపే సరంగు ఏం చూసి వల దింపమంటాడో, చేప పడని రాత్రి బోటు పనివాళ్ళు కళాసీలు ఏం మాట్లాడుకుంటారో మీ ఇళ్ళల్లో అడిగితే తెలుస్తుంది. అడిగి రాసుకోండి.

పుస్తకం ఈ సంచీలో ఉంది. మొదటి పేజీలో లీల పొద్దున్నే నీళ్ళలోకి నడిచివెళ్ళి, సముద్రంలో గుడిలాగా ఉన్న రాళ్ళ మీద మందారాలు చల్లుతుంది. ఆ ఒక్క పేజీ తెలుగులో చెప్పుకుంటూ చదువుతాను. వెనకున్నవాళ్ళు ముందుకి జరగండి.