రాస్‌బెర్రీ పై కోసం ల్యాప్‌టాప్‌లోనే ఓపెన్ఎస్ఎస్ఎల్ బిల్డ్ చేద్దాం

నమస్తే అందరికీ. స్క్రీన్ కనిపిస్తోంది కదా? ఆగండి, అక్షరాలు కొంచెం పెద్దగా చేస్తా. ఆ, ఇప్పుడు ఓకే.

ఇవాళ పని ఏంటంటే, ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీని ఈ ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేసి, అంటే సోర్స్ కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్‌గా మార్చి, అదిగో ఆ టేబుల్ మీదున్న రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో నడిపించాలి. దాని ప్రాసెసర్ ఇంటెల్ కాదు, ఏఆర్ఎమ్ అనే వేరే రకం. అది హాలియా దగ్గర మా బత్తాయి తోటలో ఉంటుంది, బోరు మోటారు నడుస్తుందా ఆగిందా అని మా బాపు ఫోనుకు మెసేజ్ పంపుతుంది, ఆ మెసేజ్ ఎన్‌క్రిప్ట్ అయి పోవాలని ఈ లైబ్రరీ. బోర్డు మీదనే బిల్డ్ చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు, కానీ చాలాసేపు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే బోర్డు కూడా పాయె. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది.

పెర్ల్, మేక్, ఏఆర్చ్64 జీసీసీ (64 బిట్ ఏఆర్ఎమ్‌కు కోడ్ తయారుచేసే కంపైలర్), ఈ మూడూ ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేసుకోండి, లైన్ స్క్రీన్ మీద ఉంది, దీని మీద ఎక్కువ మాట్లాడను. సోర్స్ విప్పేశా. అయిపోయింది.

ఇప్పుడు కాన్ఫిగర్, బిల్డ్‌కు సెట్టింగులు సిద్ధం చేసే స్క్రిప్టు. సీ పెద్దక్షరం. దీనికి టార్గెట్ పేరు, అంటే ఏ ప్రాసెసర్ కోసమో, ఇవ్వాలి, ఇవ్వకపోతే మన ల్యాప్‌టాప్ ఏదైతే అదే అనుకుని బిల్డ్ చేసిపెడుతుంది. 64 బిట్ ఏఆర్ఎమ్‌కు లైనక్స్ ఏఆర్చ్64, 32 బిట్‌కు లైనక్స్ ఏఆర్ఎమ్‌వీ4. పేర్లో 4 చూసి పరేషాన్ కావొద్దు, వీ7 బోర్డులకు కూడా అదే పేరు. మీ బోర్డు 32నా 64నా అని చూడటానికి చాలామంది యూనేమ్ కొడతారు, నేను దాన్ని నమ్మను, ఎందుకంటే కెర్నెల్ 64 ఉండి మిగతా సిస్టమ్ అంతా 32 ఉండొచ్చు. బోర్డులో గెట్‌కాన్ఫ్ లాంగ్ బిట్ కొట్టండి, ఇట్లా, 64 అని వచ్చింది. అంతే.

ఇక్కడ ఆగండి. ఎంటర్ కొట్టకండి.

నేను ఇక్కడే ఒక రాత్రంతా పోగొట్టుకున్నా. ముందు ల్యాప్‌టాప్ కోసం బిల్డ్ చేసిన ఫోల్డర్‌లోనే మళ్లీ ఏఆర్ఎమ్ టార్గెట్ పెట్టి కాన్ఫిగర్ కొట్టా, అది ఏమీ అనలేదు, మేక్ కూడా మంచిగానే నడిచింది, చివర లింక్ చేసే దగ్గర ఇదిగో ఈ ఎర్రర్: 'ఫైల్ ఇన్ రాంగ్ ఫార్మాట్'. దాని పైన ఈఎమ్ 62 అని ఒక నంబరు ఉంది చూడండి. కంపైలర్ పాడైందేమోనని మూడుసార్లు తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశా. అసలు సంగతి ఆ నంబర్‌లోనే ఉంది. లైనక్స్ ప్రోగ్రాములు ఉండే ఈఎల్ఎఫ్ ఫైళ్లలో ఆ నంబరు ఏ ప్రాసెసర్‌దో చెబుతుంది, 62 అంటే ఎక్స్86 64, అంటే ల్యాప్‌టాప్‌ది, ఏఆర్చ్64 అయితే 183 ఉండాలి. అంటే పాత బిల్డ్‌లోని డాట్ ఓ ఫైళ్లు (కంపైలర్ తయారుచేసిన ముక్కలు) కొన్ని అట్లనే ఉండిపోయి కొత్తవాటితో కలిశాయి. చాయ్ కాచిన గంజు కడగకుండా అందులోనే పప్పు వండినట్టు.

అందుకని ఏం చేస్తున్నానో చూడండి. సోర్స్‌లో మేక్ డిస్ట్‌క్లీన్. ఉత్త క్లీన్ కాదు, డిస్ట్‌క్లీన్, అప్పుడే పాత కాన్ఫిగరేషన్ కూడా పోతుంది. తర్వాత బయట బిల్డ్ ఏఆర్ఎమ్ అని ఇంకో ఫోల్డర్, దాంట్లోకి వెళ్లి అక్కడి నుంచి సోర్స్‌లోని కాన్ఫిగర్‌ని పిలుస్తున్నా. ఒక్కో ప్రాసెసర్‌కు ఒక్కో ఫోల్డర్. సోర్స్‌లో మాత్రం మళ్లీ ఎప్పుడూ కాన్ఫిగర్ కొట్టొద్దు.

క్రాస్ కంపైల్ ప్రిఫిక్స్, అంటే కంపైలర్ పేరుకు ముందు తగిలించే భాగం, ఇచ్చేటప్పుడు చివర హైఫన్ మర్చిపోవద్దు, లేకపోతే గ్నుజీసీసీ అని కలిపి వెతుకుతుంది. టెర్మినల్‌లో సీసీ (కంపైలర్ పేరు పెట్టే వేరియబుల్) ముందే సెట్ చేసి ఉంటే తీసేయండి, లేదంటే ప్రిఫిక్స్ రెండుసార్లు పడుతుంది. నేను నో షేర్డ్ కూడా పెడతా, అప్పుడు లైబ్రరీ ప్రోగ్రామ్‌లోనే కలిసిపోతుంది, బోర్డుకు ఒకే ఫైలు కాపీ చేస్తే సరిపోతుంది.

ఇంకోటి, ఎర్రర్ రాగానే నో ఏఎస్ఎమ్, అంటే అసెంబ్లీ కోడ్ వద్దు, అని పెట్టు అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. బిల్డ్ అవుతుంది, నిజమే. కానీ ప్రాసెసర్‌లోని ఏఈఎస్ (ఒక ఎన్‌క్రిప్షన్ పద్ధతి) సూచనలు వాడే అసెంబ్లీ కోడ్ అంతా పోయి ఉత్త సీ కోడ్ మిగులుతుంది. నేనైతే అన్నీ చూసి చివరికి పెడతా.

మేక్ జే8... అవుతోంది. చాయ్ తాగొస్తా.

అయింది. ఫైల్ కమాండ్ కొడితే ఏఆర్ఎమ్ ఏఆర్చ్64 అని చూపించింది, మంచిది. టెస్టులు ఇక్కడ ఊరికే నడవవు, ఏఆర్ఎమ్ ప్రోగ్రాములు కదా, వేరే ప్రాసెసర్‌లా నటించే క్యూఈఎమ్‌యూ కావాలి. నేను నేరుగా బోర్డుకే ఎస్‌సీపీతో, అంటే నెట్‌వర్క్ మీద, కాపీ చేస్తున్నా.

ఇప్పుడు బోర్డులో ఓపెన్ఎస్ఎస్ఎల్ స్పీడ్, ఎన్‌క్రిప్షన్ వేగం కొలిచే కమాండ్. పై 4కు వేరే, పై 5కు వేరే బిల్డ్ కావాలా అని నన్ను అడుగుతుంటారు. అక్కర్లేదు. ఏఈఎస్ సూచనలు ఉన్నాయా లేవా అని లైబ్రరీ నడిచేటప్పుడే చూసుకుంటుంది. పై 5లో ఉన్నాయి, పై 4లో లేవు. అందుకే చూడండి, ఇక్కడ ఏఈఎస్ జీసీఎమ్ కంటే చాచా20 పాలీ1305 అనే ఇంకో ఎన్‌క్రిప్షన్ పద్ధతి ముందుంది. తోటలో బోర్డుకు చాచానే పెడుతున్నా.

బాపు ఫోన్ చేస్తున్నడు, మోటారు సంగతే అయ్యుంటుంది. ఉంటా మరి.