కౌంటర్ ఫాయిల్ చేతికొచ్చేదాకా కదలకండి

వేదిక మీదున్న మహిళా పొదుపు సంఘాల మండల సమాఖ్య అధ్యక్షురాలికి, సంఘాల పని చూసే అధికారి ఏపీఎం గారికి, పొద్దున్నే ఇంటి పని ముగించుకుని ఆటోలెక్కి వచ్చిన సంఘం లీడర్లందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ చాలా మంచి మాటలు చెప్పారు. నేను క్యాషియర్‌ని తల్లీ. 34 ఏళ్ల సర్వీసులో ఎక్కువ కాలం క్యాష్ కౌంటర్‌లోనే కూర్చున్నాను. ఆ ఒక్క పరిచయం చాలు.

"కొత్త లీడర్లు బ్యాంకులో ఫారం చూడగానే భయపడుతున్నారు సార్, డబ్బు ఎలా కట్టాలో ఒకసారి చెప్పండి" అని ఏపీఎం గారు పిలిచారు. మన నెల్లూరు జిల్లా ఆడవాళ్లు ఫారానికి భయపడటమేంటమ్మా? సారా కొట్లు మూయించిన వాళ్లు మీరు. దూబగుంటలో రాజుకున్న ఆ ఉద్యమం 1992లో జిల్లా అంతా పాకింది. దాని వెనకే పొదుపులక్ష్మి పథకం వచ్చింది. రోజుకు ఒక రూపాయి, నెలకు 30 రూపాయలు. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలితే దాన్ని బ్యాంకు దాకా మోసుకొచ్చింది మీ అమ్మలు, మీ అత్తలు. ఆ రూపాయి బిళ్లలు, ఆ నలిగిన ఐదులు, పదులు ఈ చేతులతోనే లెక్కపెట్టాను. చిల్లర గుట్టగా పోస్తుంటే మా స్టాఫ్ విసుక్కునేవాళ్లు. నేనూ విసుక్కున్నాను. అది తప్పు. చిల్లర తీసుకోనని చెప్పే హక్కు బ్యాంకుకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. రూపాయి, రెండు రూపాయల బిళ్లలు వందేసి చొప్పున కవర్లలో కట్టి తీసుకెళితే లెక్క తొందరగా తెములుతుంది, అంతే. ఇంకొకటి, పది రూపాయల బిళ్ల చెల్లదని సంతల్లో ఒక మాట పుట్టించారు. అది అబద్ధం. 14 రకాల డిజైన్లలో ఉన్నాయి, అన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లోనే ప్రకటించింది. కౌంటర్‌లో ఎవరైనా వద్దంటే మేనేజర్ గదిలోకి వెళ్లండి.

సరే, ఛలానా, అంటే డబ్బు కట్టే ఫారం దగ్గరికొద్దాం. ఇదిగో, చేతిలో పట్టుకుని చూపిస్తున్నాను. వెనక కూర్చున్న వాళ్లకు కనబడుతోందా? పెద్ద ముక్క బ్యాంకుకు, ఈ చిన్న ముక్క మనకు. ఈ చిన్న ముక్కనే కౌంటర్ ఫాయిల్ అంటారు. తేదీ, ఖాతా ఎవరి పేరున ఉందో ఆ పేరు, ఖాతా నంబరు, మొత్తం అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి, కింద కట్టిన వాళ్ల సంతకం. రెండు ముక్కల్లోనూ ఒకేలా రాయాలి. ఖాతా నంబరు మాత్రం నోటికి వచ్చినా సరే, పాసుపుస్తకం ఎదురుగా పెట్టుకుని ఒక్కొక్క అంకె చూసి రాయండి. మీ సంఘానికి పొదుపు ఖాతా ఒకటి, అప్పు ఖాతా ఒకటి ఉంటాయి. వాయిదా డబ్బు పొదుపు ఖాతాలో పడిందనుకోండి, మీరు కట్టేశామని నిశ్చింతగా ఉంటారు, అక్కడ అప్పు మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. రెండు ఖాతాలకు రెండు ఛలానాలు రాయండి. నేను కౌంటర్‌లో ఉన్నప్పుడు ఒకరోజులో 50,000 దాటితే పాన్ నంబరు అడిగేవాళ్లం, లేనివాళ్ల దగ్గర ఫారం 60 రాయించుకునేవాళ్లం. పెద్ద మొత్తం తీసుకెళ్లే రోజు పాన్, ఆధార్ సంచిలో పెట్టుకుని వెళితే మళ్లీ తిరగక్కర్లేదు.

ఇక ఈ గడి చూడండి. 500లు ఎన్ని, 200లు ఎన్ని, 100లు ఎన్ని అని రాసే గడి. క్యాషియరే రాసుకుంటాడులే అని చాలామంది దీన్ని ఖాళీగా వదిలేస్తారు. ఏపీఎం గారూ, నాకు ఇరవై నిమిషాలన్నారు, ఈ గడి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఏమీ అనుకోకండి.

1999 నవంబరు. కార్తీకమాసం ముసురు. ఈ మండలంలోనే ఒక ఊరి నుంచి సంఘం లీడరమ్మ అప్పు వాయిదా కట్టడానికి వచ్చింది. 2,300 రూపాయలు. పదిహేను మంది ఇచ్చిన డబ్బు. చీర కొంగున కట్టుకుని వానలో నడిచొచ్చింది. ముడి విప్పి కౌంటర్ మీద పెడితే నోట్లు చెమ్మగా ఉన్నాయి, పసుపు వాసన వేస్తున్నాయి. ఛలానా ఆరో తరగతి చదివే కూతురు రాసిచ్చిందట. గుండ్రటి అక్షరాలు. వందలు 12, యాభైలు 14, ఇరవైలు 10, పదులు 20 అని గడి మొత్తం నింపి ఉంది.

నేను లెక్కపెట్టాను. వందలు 11 వచ్చాయి. "అమ్మా, వంద తక్కువుంది" అన్నాను. "లేదు సార్, పన్నెండు ఉన్నాయి, రాత్రి దీపం ముందు పెట్టుకుని మూడుసార్లు లెక్కపెట్టాం" అంది. మళ్లీ లెక్కపెట్టమంది. నేను పెట్టలేదు. వెనక పెద్ద క్యూ ఉంది. ముసురు రోజు, కరెంటు లేదు, మధ్యాహ్నం దాటింది, అన్నం తినలేదు. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న కారణాలు. "ఇంటికెళ్లి చూసుకో, దారిలో ఎక్కడో పడేసుంటావు" అన్నాను. క్యూలో ఎవరో నవ్వారు. పిల్లల మీద ఒట్టేసింది. నేను ఛలానా మీద 12 కొట్టేసి 11 అని రాసి, 2,300 కొట్టేసి 2,200 చేసి సంతకం పెట్టి, కౌంటర్ ఫాయిల్ మీద కూడా అలాగే దిద్ది ముద్ర వేసి ఇచ్చేశాను. ఆవిడ ఆ ముక్క పట్టుకుని కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత వెళ్లిపోయింది.

సాయంత్రం క్యాష్ సర్దుతున్నాను. వంద నోట్లు వందేసి చొప్పున కట్టలు కడుతున్నాను. ఒక కట్టలో లెక్కకు 100 వచ్చినా చేతికి కొంచెం లావుగా తగిలింది. మళ్లీ లెక్కపెట్టినా 100. ఒక్కొక్క నోటూ వేలితో రుద్దుతూ పోతే రెండు నోట్లు చెమ్మకు అతుక్కుని ఒకటిగా ఉన్నాయి. విడదీస్తే 101. పసుపు వాసన.

బ్యాంకులో క్యాష్ తక్కువొస్తే క్యాషియర్ తన జేబులోంచి పెట్టుకోవాలి. ఎక్కువొస్తే సండ్రీ డిపాజిట్ అనే ఖాతాలో వేస్తారు, ఎవరైనా రుజువుతో వచ్చి అడిగితే ఇస్తారు. వచ్చి అడగడానికి ఆవిడ దగ్గర ఏముంది? నా చేత్తో దిద్దిన కౌంటర్ ఫాయిల్ ఉంది. అది నా వైపే మాట్లాడుతుంది. ఆవిడ వైపు మాట్లాడింది ఒక్కటే: ఆ చిన్నపిల్ల నింపిన గడి. నేను కొట్టేసినా కింద 12 అంకె కనబడుతూనే ఉంది. మర్నాడు పొద్దున ఓచర్ల కట్టలోంచి ఆ ఛలానా తీసి మేనేజర్‌కి చూపించాను. నోటు ఏ రకం, లెక్క ఎక్కడ తేడా అన్నీ సరిపోయాయి. అందుకే ఆయన ఒప్పుకున్నారు. ఆ గడి ఖాళీగా ఉండుంటే ఆ వంద ఎవరిదో తేలేది కాదు. అమ్మా, అందుకే చెబుతున్నాను, ఈ గడి నింపండి. నింపండి. కొత్త లీడర్లు నా మాట వినండి, మిగతాదంతా మరిచిపోయినా పర్వాలేదు.

ఆ వంద తీసుకుని సైకిల్ మీద వాళ్ల ఊరెళ్లాను. వెళ్లేసరికి ఆలస్యమైపోయింది. ముందు రోజు రాత్రే సంఘం కూర్చుంది. నూరు రూపాయలు ఏం చేశావని అడిగారు. ఆవిడ ఎవరి దగ్గరో బదులు తెచ్చి వాళ్ల ముందు పెట్టి, లీడర్‌గా ఉండనని చెప్పేసి పుస్తకాలు ఇచ్చేసింది. నేను నోటు ఇవ్వబోతే చేయి చాచలేదు. "డబ్బు సంగతి తర్వాత సార్. లెక్క తప్పింది మీదేనని ఒక ముక్క కాగితం మీద రాసివ్వండి. మా వాళ్లకు చూపించుకుంటాను" అంది.

నేను రాసివ్వలేదు.

"డబ్బు ఇచ్చేసి రా, కాగితాలేమీ రాయొద్దు" అని మేనేజర్ ముందే చెప్పి పంపారు. రాతపూర్వకంగా ఇస్తే ఉద్యోగానికి ముప్పేమోనని నాకు భయం. నోటు అరుగు మీద పెట్టి సైకిలెక్కాను. కూతురు గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆ తర్వాత నేను ఎన్ని వేల మంది డబ్బు లెక్కపెట్టినా, చెమ్మ నోటు చేతికి తగిలితే ఆ గుమ్మం గుర్తొచ్చేది. నోట్లు లెక్కపెట్టే మిషన్లు వచ్చాక కూడా, ఎదురుగా ఉన్నవాళ్లు ఒక్కసారి "సార్, మళ్లీ చూడండి" అంటే చాలు, ఎంత క్యూ ఉన్నా మళ్లీ పెట్టాను. 2016లో పెద్ద నోట్లు రద్దయినప్పుడు, నవంబరు 10న బ్యాంకు తలుపు తీసేసరికి రోడ్డు దాకా జనం. బియ్యం డబ్బాలో దాచుకున్నవి, మొగుడికి తెలియకుండా దాచుకున్నవి, ఐదు వందలు, వెయ్యి నోట్లు పట్టుకొచ్చిన ఆడవాళ్లు ఎందరో. డిసెంబరు 30 దాకా అదే వరస. ఆ రద్దీలోనూ ఎవరు అడిగినా మళ్లీ లెక్కపెట్టాను. కానీ అడగాల్సిన ఆవిడ అడిగినప్పుడు పెట్టలేదు.

మీకు హక్కుంది తల్లీ. మీ కళ్ల ముందు లెక్కపెట్టమని అడగండి. మిషన్‌లో ఎంత పడిందో ఆ అంకె చూపించమనండి. తేడా అంటే ఛలానా దిద్దనివ్వకండి, డబ్బు వెనక్కి తీసుకుని పక్కన కూర్చుని మీరే మళ్లీ లెక్కపెట్టుకోండి. అప్పటికీ మాట కలవకపోతే మేనేజర్‌కి కాగితం రాసి, కౌంటర్ మీది కెమెరా రికార్డు చూడమని అడగండి. ఆ పని ఆ రోజే చేయండి.

కాగితం ఎంత ముఖ్యమంటే, దొంగనోటు విషయంలో కూడా రిజర్వ్ బ్యాంకు కాగితం ఇవ్వమంటుంది. మీరు కట్టిన వాటిలో దొంగనోటు వస్తే దాని మీద ముద్ర కొట్టి బ్యాంకు ఉంచేసుకుంటుంది, ఆ విలువ మీ ఖాతాలో పడదు, నోటు వెనక్కి ఇవ్వరు. కానీ మీకు రసీదు ఇచ్చి తీరాలి. ఒక్కసారి కట్టిన డబ్బులో నాలుగు దాకా వస్తే బ్యాంకు నెలాఖరున పోలీసులకు లెక్క పంపుతుంది. ఐదు, అంతకంటే ఎక్కువైతే కేసు నమోదుకు పంపుతుంది. సంతలో వచ్చిన నోటు మీ చేతికి రావడం మీ నేరం కాదు, కంగారు పడకండి, రసీదు అడగండి.

ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బు తీసుకునే బ్యాంకు మిత్ర దగ్గర కట్టేవాళ్లు చాలామంది ఉన్నారిక్కడ. ఊళ్లోనే పని అయిపోతుంది, మంచిదే. వేలు పెట్టాక మిషన్‌లోంచి వచ్చే చీటీ మీద ఎంత పడిందో చూసుకోండి. "సిగ్నల్ లేదు, రేపు వేస్తాలే, డబ్బు ఇచ్చెళ్లు" అంటే ఇవ్వకండి. ఎంత తెలిసినవాళ్లయినా సరే. తెల్లకాగితం మీద అంకె వేసిస్తే అది రసీదు కాదు. అలాగే నలుగురి వాయిదాలు పోగేసి ఒకరి చేతికిచ్చి "నువ్వెళ్లి కట్టేసిరా" అనే అలవాటు మన సంఘాల్లో ఉంది. వెళ్లినవాళ్లు తెచ్చిన కౌంటర్ ఫాయిల్ సంఘం మీటింగులో అందరి చేతికీ వెళ్లాలి. నమ్మకం లేక అడగడం కాదిది. రేపు ఎవరైనా ఆవిడను వేలెత్తి చూపితే ఆ ముక్కే కాపాడుతుంది.

డబ్బు వేసే మిషన్ సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఖాతా నంబరు కొట్టగానే తెర మీద పేరు వస్తుంది. ఆ పేరు చదివాకే నోట్లు పెట్టండి. చిరిగినవి, మడతలు పడ్డవి తీసేయండి. నోట్లు లోపలికెళ్లి ఖాతాలో పడకపోతే చీటీ దాచుకుని వెంటనే బ్యాంకులో ఫిర్యాదు రాసివ్వండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు. ఎలా రాయాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేయండి. ఫీజు ఏమీ లేదు. ఈ నంబరు రాసుకోండమ్మా, నేను ఆగుతాను. ఒకటి, నాలుగు, నాలుగు, నాలుగు, ఎనిమిది.

భోజనాలు సిద్ధమయ్యాయని చెబుతున్నారు. ఒక్క నిమిషం.

ఆ లీడరమ్మ కరోనా రోజుల్లో పోయారని మొన్న ఏపీఎం గారిని అడిగితే తెలిసింది. ఆ సంఘం మాత్రం ఈ సమాఖ్యలో ఇంకా ఉంది, ఆ సంఘం వాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. ఆవిడ అడిగిన కాగితం రాసి తెచ్చాను. చదువుతాను. "1999 నవంబరులో మీ సంఘం తరఫున అప్పు ఖాతాకు కట్టడానికి తెచ్చిన 2,300 రూపాయలు సరిగ్గా ఉన్నాయి. వంద నోట్లు పన్నెండూ ఉన్నాయి. రెండు నోట్లు అతుక్కుని ఉంటే నేను ఒకటిగా లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టమని మీ లీడరు అడిగినా పెట్టలేదు. లెక్క తప్పింది నాది. ఆవిడ చేతిలో ఒక్క రూపాయి కూడా తేడా రాలేదు." కింద నా సంతకం, ఈ రోజు తేదీ ఉన్నాయి.

అధ్యక్షురాలమ్మా, దీన్ని ఆ సంఘం తీర్మానాల పుస్తకంలో అతికించమని మిమ్మల్ని కోరుతున్నాను. ఆవిడ కూతురు ఎక్కడున్నా ఒక జిరాక్స్ పంపించండి.

ఖాళీ ఛలానాలు రెండు వందలు తెచ్చాను. ముందు వరసలో నుంచి వెనక్కి అందించండి. భోజనానికి లేచేముందు తలా ఒకటి నింపండి, గడితో సహా. నేను ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి చూస్తాను.