వెయ్యి గజాల గురి, ఇత్తడి మెడ బిగువు

సభకు నమస్కారం. అమెరికాలో ఎఫ్-క్లాస్ అనే దూరశ్రేణి రైఫిల్ పోటీలలో పాల్గొనే తెలుగువారు కొందరు ఇక్కడ ఉన్నారు కనుక, వెయ్యి గజాల దూరంలోని గురిపలకతోనే మొదలుపెడతాను. ఆ పలక మీద పది పాయింట్ల వలయం వ్యాసం 10 అంగుళాలు. దాని లోపలి ఎక్స్ వలయం 5 అంగుళాలు. .308 వించెస్టర్ రైఫిల్‌లో బుల్లెట్ వేగం సెకనుకు 10 అడుగులు తగ్గితే, ఆ దూరంలో దెబ్బ సుమారు 4 అంగుళాలు కిందికి దిగుతుంది. రెండు తూటాల మధ్య తేడా 20 అడుగులైతే, గాలిని ఎంత చక్కగా అంచనా వేసినా, పది వలయంలో చాలా భాగం ఆ తేడాకే సరిపోతుంది.

మన తూటాలను మనమే నింపుకుంటాం; అందులో వేసే పేలుడు మందు తూకంలో మనమందరం జాగ్రత్తపరులమే కాబట్టి దాని జోలికి వెళ్లను. ఆ మందును మోసే కేసు, అంటే తూటా గొట్టం, 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడి. పేలినప్పుడు ఛాంబరు (రైఫిల్‌లో తూటా కూర్చునే గది) గోడల దాకా ఉబ్బి, కాల్చిన కేసును మళ్లీ పాత కొలతకు నొక్కే అచ్చు అయిన సైజింగ్ డైలో తిరిగి నొక్కుకుపోయే ఆ లోహం ప్రతి దఫా కొంత గట్టిపడుతుంది. గట్టిపడిన ఇత్తడికి, నొక్కు తీయగానే మళ్లీ విచ్చుకునే గుణం ఎక్కువ. అందువల్ల అదే డైని, అదే అమరికలో వాడినా, రెండుసార్లు కాల్చిన కేసు మెడ (బుల్లెట్ కూర్చునే సన్నని పైభాగం) ఒక కొలతకు, ఎనిమిదిసార్లు కాల్చినది మరో కొలతకు వస్తాయి. బుల్లెట్‌ను పట్టి ఉంచే బిగువు అక్కడే మారుతుంది, దానితోపాటు వేగమూ మారుతుంది. కేసు భుజాన్ని, అంటే మెడ కింది వాలు భాగాన్ని, సైజింగ్‌లో వెనక్కి నెట్టే 0.002 అంగుళం కూడా ఇదే కారణంగా చెదిరిపోతుంది.

దీనికి విరుగుడు అనీలింగ్, అంటే మెడను, భుజాన్ని మాత్రమే వేడిచేసి మెత్తబరచడం. చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల గరిష్ఠ పీడనాన్ని తట్టుకోవలసిన అడుగు భాగం గట్టిగానే ఉండాలి కనుక, అక్కడికి వేడి పాకితే ఆ కేసును పారవేయవలసిందే. ఈ విద్యకు మన నేలతోనూ ఒక సంబంధం ఉంది. బ్రిటిష్ పాలనాకాలంలో, భారతదేశపు వానాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ చేసిన తూటాల కేసులు వాటంతటవే పగిలిపోయేవి. నొక్కుళ్ల వల్ల ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ కలిసి ఆ పని చేశాయని 1921లో తేల్చారు. అమ్మోనియా కలిసిన ద్రావకాలతో కేసులు తోమవద్దని నేను పట్టుబట్టేది అందుకే.

కేసులను బరువు ప్రకారం వేరుచేయడం మీద నాకు అంత గురి లేదు. బరువులో తేడా అడుగు అంచున, గాడిలో ఉండవచ్చు. మందుకు కావలసినది లోపలి చోటు, దానిని నీళ్లు నింపి తూచితేనే తెలుస్తుంది. అంతకన్నా, ఒకే లాటులోని కేసులను, ఒకే లెక్కన కాల్చినవాటిని ఒక పెట్టెలో ఉంచి, అన్నింటినీ ఒకే దఫాలో అనీల్ చేయడం నా దృష్టిలో ముఖ్యం. ఆ తరువాత కూడా, కేసు మెడలోకి బుల్లెట్ దించేటప్పుడు ప్రెస్ పిడి చేతికి ఎక్కువ బరువుగానో తేలికగానో తగిలిన తూటాలు రెండు మూడు ఉంటాయి. వాటిని నేను మూతిమీద మార్కరుతో గీత గీసి, పోటీకి ముందు గురి సరిచూసుకోవడానికి వేసే సైటర్లకు పక్కన పెడతాను.