దాత లెక్కలో దగ్గర, దూరం

సభాధ్యక్షులకు, వివిధ సేవా సంస్థల నుంచి వచ్చిన మిత్రులకు నమస్కారం.

దాతలు స్వదేశంలోని సంస్థలకు ఇవ్వడానికి ఇష్టపడతారా, విదేశాల్లోని వాటికా అన్న ప్రశ్నకు అంకెలు చెప్పే జవాబు సూటిగానే ఉంది. 2023లో అమెరికా ప్రజలు, సంస్థలు కలిసి ఇచ్చిన విరాళాలు సుమారు 55,700 కోట్ల డాలర్లు కాగా, అందులో అంతర్జాతీయ కార్యక్రమాలకు చేరింది దాదాపు ఇరవయ్యో వంతు. తనకు మాలిన ధర్మం పనికిరాదన్న సామెత మనకే కాదు, వారికీ వంటబట్టినట్టుంది. అయితే ఈ అంకెలు దేశాల సరిహద్దులను బట్టి వేసినవి. దాత మనసులోని సరిహద్దులు వేరే చోట ఉంటాయన్నది నా అభిప్రాయం.

న్యూజెర్సీలో స్థిరపడిన ఒక తెలుగు ఇంజినీరు కృష్ణా జిల్లాలో తాను చదివిన ఉన్నత పాఠశాలకు రెండు గదులు కట్టించాడనుకుందాం. అక్కడి గణాంకాల్లో అది విదేశానికి వెళ్లిన సొమ్ము. అతన్ని అడిగితే మాత్రం ‘మా ఊరి బడికి ఇచ్చాను’ అంటాడు. అలాగే 1847లో ఐర్లండు కరవు గురించి విని, అంతకు పదిహేనేళ్ల కిందటే సొంత నేల నుంచి తరిమివేతకు గురైన అమెరికా ఆదివాసులు చోక్టా తెగవారు తమ కొద్దిపాటి సంపాదనలోంచి చందా పోగుచేసి పంపారు. ఆకలి, నిర్వాసం వారికి తెలిసిన కష్టాలు. 2020లో కోవిడ్ బారిన పడిన నవాహో, హోపీ అనే మరో రెండు అమెరికా ఆదివాసీ తెగల కుటుంబాలకు ఐర్లండు ప్రజలు వేలాదిగా విరాళాలిస్తూ ఆ పాత ఉపకారాన్నే గుర్తుచేసుకున్నారు.

ఇక 2004 డిసెంబరు సునామీ సంగతి. బ్రిటన్‌లోని సహాయ సంస్థల ఉమ్మడి పిలుపుకు 39 కోట్ల పౌండ్లకు పైగా వచ్చాయి. పండుగ సెలవుల్లో జనం ఇళ్లలో టీవీల ముందున్నారు, థాయిలాండు తీరాన్ని స్వయంగా చూసివచ్చినవారు వారిలో చాలామంది. అదే ఏళ్ల తరబడి సాగే కరవుకో, క్షయకో అంత స్పందన రాదు.

ఇష్టంతో పాటు చట్టమూ దారి మళ్లిస్తుంది. అమెరికా దాతకు పన్ను మినహాయింపు కావాలంటే అక్కడ నమోదైన సంస్థకే ఇవ్వాలి, ఉద్యోగి విరాళానికి జోడుగా అతని కంపెనీ ఇచ్చే మ్యాచింగ్ గ్రాంటుకూ సాధారణంగా ఇదే షరతు. అందుకే మన ప్రవాస సంఘాలు అక్కడ ట్రస్టులు పెట్టుకుని వాటి ద్వారా పంపుతాయి. ఇక్కడి వైపు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఉంది. ఇద్దరు అన్నదమ్ముల్లో గ్రీన్‌కార్డు మీదే ఉండి భారత పాస్‌పోర్టు వదలని తమ్ముడు తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా ఊరి ట్రస్టుకు పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న అన్న పంపితే అవుతుంది. అప్పుడా ట్రస్టుకు ఈ చట్టం కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండాలి, సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత అలా అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయడానికీ వీల్లేదు. పేరున్న సంస్థ విదేశీ నిధులు తెచ్చి ఏజెన్సీ గ్రామంలోని చిన్న సంఘానికి అందించే దారి దీంతో మూసుకుపోయింది. ఈ నిబంధన చేసిన నష్టం, అరికట్టిన దుర్వినియోగం కంటే ఎక్కువని నేననుకుంటాను.

మన ప్రవాసుల దానంలో నన్ను ఇబ్బందిపెట్టే విషయం మరొకటుంది. డెల్టా గ్రామాల్లో బడి గోడకు, బస్ షెల్టరుకు, శ్మశానవాటిక గేటుకు కూడా ‘తల్లిదండ్రుల జ్ఞాపకార్థం’ అని చెక్కిన పాలరాతి పలకలు కనిపిస్తాయి. ఆ దానాన్ని నేను తక్కువ చేయను. అమ్మానాన్నల పేరు నిలబడాలనుకోవడం సహజం. కానీ అమెరికాకు మనుషులను పంపగలిగింది నీరూ చదువూ ముందే ఉన్న ఊళ్లు. సొంత ఊరికే ఇస్తూ పోతే ఆ ఊళ్లకే మళ్లీ గదులు వస్తాయి. పాడేరు కొండల్లోనో, ఆదిలాబాదు గూడేల్లోనో ఉన్న బడికి డాలస్‌లో పూర్వ విద్యార్థి దొరకడు.

కాబట్టి దాతను సొంత ఊరి నుంచి మళ్లించే ప్రయత్నం మానుకుందాం, అది ఫలించదు. మన దరఖాస్తులో ఒక గడి చేర్చి, ఊరికి ఇచ్చే ప్రతి విరాళంలో పదో వంతు, విదేశాల్లో పూర్వ విద్యార్థులెవరూ లేని మరో బడికి వెళ్లేందుకు సమ్మతి అడుగుదాం. ఆ బడి ఫొటో, ప్రధానోపాధ్యాయుడి ఉత్తరం, ఖర్చు లెక్క ఏడాదికి రెండుసార్లు దాతకు పంపుదాం. ఈ సమావేశం ముగిసేలోగా కోశాధికారులు ఆ గడికి వాక్యం రాసి ఇస్తే, వచ్చే ఏడాది రసీదు పుస్తకాల్లోనే అచ్చు వేయించవచ్చు.