సెడార్‌తో పెరటి సామాను: ఏడాది తరువాత నా రివ్యూ

నమస్కారం. నా వెనక ఉన్న ఈ బూడిదరంగు పెట్టెను చూసి పాత సామాను అనుకోకండి. సరిగ్గా ఏడాది కిందట నేను చేసిన మొక్కల పెట్టె ఇది. అప్పుడు తేనె పూసినట్టు ఎర్రగా మెరిసేది. దీనితోపాటు ఒక బెంచీ, ఒక చిన్న బల్ల కూడా చేశాను. మూడూ సెడార్‌తోనే చేశాను. మూడూ ఎండకు ఎండి, వానకు తడిశాయి. చేసిన రోజున ఏ వస్తువైనా ముద్దుగానే ఉంటుంది కాబట్టి, ఇన్నాళ్లు ఆగి ఇప్పుడు మాట్లాడుతున్నాను.

ముందు చెక్క సంగతి. 'వెస్టర్న్ రెడ్ సెడార్' పేరుతో అమ్మేది నిజానికి సెడార్ కాదు. హిమాలయాల్లో పెరిగే దేవదారు అసలైన సెడార్ జాతి. నేను వాడిన ఈ చెక్క మాత్రం ఉత్తర అమెరికా పశ్చిమ ప్రాంతపు థూజా ప్లికాటా అనే వేరే చెట్టుది. పేరు ఎలా ఉన్నా గుణం మంచిది. దీని చేవలో, అంటే మాను నడుమ ఉండే ముదురు రంగు చెక్కలో, థూజాప్లిసిన్ అనే పదార్థాలు ఉంటాయి. చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రాలను అవి అడ్డుకుంటాయి. చేవలో అని నొక్కి చెబుతున్నాను. బెరడును ఆనుకుని ఉండే తెల్లటి భాగానికి ఆ బలం లేదు. పలక అంచున పాలిపోయిన చార కనబడితే పక్కన పెట్టేయండి.

నేను పెట్టలేదు. ఫలితం ఈ బెంచీ కాలు. నేలను ఆనిన చోట చూడండి. ఎర్రటి వైపు స్క్రూడ్రైవర్ మొన ఆగిపోతోంది. తెల్లటి వైపు నానిన అట్టలోకి దిగినట్టు దిగిపోతోంది. ఒకే పలక, మధ్యలో వేలెడంత దూరం కూడా లేదు.

పనికి మాత్రం ఇంత సులువైన చెక్క తక్కువ. బాగా ఆరిన సెడార్ ఘనమీటరుకు దాదాపు 370 కిలోలు తూగుతుంది, అంటే టేకులో సగానికి కాస్త పైన. రంపం హాయిగా నడుస్తుంది, పెద్ద పలకనైనా ఒక్కరే ఎత్తగలరు. చిక్కంతా ఆ మెత్తదనంతోనే. డ్రిల్లును కాస్త గట్టిగా నొక్కితే స్క్రూ తల చెక్కలో మునిగిపోతుంది. కొసల దగ్గర ముందుగా సన్నటి బెజ్జం వేయకపోతే పలక నిలువునా చీలుతుంది. మొదటి రోజే రెండు పలకలు చీల్చాను.

ఇప్పుడు అసలు తప్పు చూపిస్తాను. మొక్కల పెట్టె మూల, స్క్రూ తల కింద. కన్నీళ్లకు కాటుక కారినట్టు నల్లటి చార కనబడుతోందా? చెక్కలోని టానిన్లు అనే వగరు పదార్థాలు, మామూలు ఇనుము, తేమ కలిస్తే వచ్చే మరక అది. ఆక్సాలిక్ ఆమ్లం కలిపిన నీళ్లతో తుడిస్తే పోతుంది, కానీ అదే స్క్రూ ఉంటే మళ్లీ వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడి ఉంటే ఈ గొడవే లేదు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడిన మనిషిని నేను.

అదే పెట్టెలో ఇంకొకటి. అడుగు పలకలను సందు లేకుండా బిగించాను. తడి మట్టికి చెక్క అడ్డంగా ఉబ్బి పక్క పలకలను బయటికి తోసింది. విప్పి, మధ్య మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ వదిలాక ఉబ్బడానికి చోటు దొరికింది, నీరు కూడా నిలవడం లేదు.

బెంచీ గురించి ఒక్క మాట: కూర్చునే పలక 19 మిల్లీమీటర్లు చాలదు, వంగుతుంది. రెట్టింపు మందం వేయండి.

బల్ల నాకు నచ్చలేదు. మెత్తటి చెక్క కాబట్టి లోటా పెట్టినా గుర్తు పడుతుంది. పైగా వార్నిష్ వేశాను, ఎండకు పొరలుగా లేచిపోయింది. బయట ఉండే సెడార్‌కు లోపలికి ఇంకే నూనె పట్టించాలి, లేదా ఏమీ పూయకుండా వదిలేయాలి. బూడిదరంగు పైపైనే ఉంటుంది. ఇదిగో, ఉప్పు కాగితంతో నాలుగు సార్లు రుద్దాను, ఎరుపు బయటపడింది, వాసన కూడా వచ్చింది.

ఆ వాసన బాగుందని పొడి పీల్చకండి. ఈ రంపపు పొట్టులోని ప్లికాటిక్ ఆమ్లం కొందరికి ఉబ్బసం తెప్పిస్తుంది. మాస్కు లేకుండా రంపం పట్టవద్దు. ఈ విషయంలో నేను చాదస్తుణ్ణే.

మొదటిసారి చేసేవారు మొక్కల పెట్టెతో మొదలుపెట్టండి, బెంచీ తరువాత చూసుకోవచ్చు. బల్లకు వేరే చెక్క వెతకండి. నేను ఇక ఈ నల్ల స్క్రూలు ఊడదీయాలి. మొత్తం ముప్పై రెండు. కెమెరా ఆపేస్తున్నాను, ఈ పని చూడదగ్గదిగా ఉండదు.