వయసు కాలమ్‌లో 'ముప్పై' అని రాసినా ఊరుకునే డేటాబేస్

[స్క్రీన్ మీద టెర్మినల్. కర్సర్ మిణుకుమంటోంది.]

ఇదిగో, ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో ఒక టేబుల్ చేస్తున్నా. ఒకటే కాలమ్. పేరు వయసు, టైప్ ఇంటీజర్, అంటే పూర్ణాంకం. 30 వేశా, వెళ్లింది. ఇప్పుడు అంకెల్లో కాకుండా అక్షరాల్లో 'ముప్పై' అని వేస్తా. ఎంటర్.

[ఎర్రర్ రాదు. రెండు సెకన్లు అలాగే ఉంచాలి.]

కిక్కురుమనలేదు చూశారా? పోస్ట్‌గ్రెస్ లాంటి ఇంకో డేటాబేస్ అయితే ఈపాటికి ఎర్రర్ మొహాన కొట్టేది. ఎస్‌క్యూలైట్ మాత్రం రెండింటినీ పక్కపక్కనే దాచుకుంది: ఒకటి ఇంటీజర్‌గా, ఒకటి టెక్స్ట్‌గా.

"ఇదేం డేటాబేసండీ బాబూ" అని యూజర్లు ఏళ్ల తరబడి పోట్లాడుతూనే ఉన్నారు. దీన్ని రాసిన డి. రిచర్డ్ హిప్ బృందం మాత్రం ఇది బగ్ కాదు, ఫీచర్ అనే అంటుంది. ఇదెందుకు మంచిదో చెప్పడానికే డాక్యుమెంటేషన్‌లో విడిగా ఒక పేజీ పెట్టారు.

మొండితనం అనుకునే ముందు 2000 సంవత్సరానికి వెళ్దాం. హిప్ అప్పుడు అమెరికా నేవీ డిస్ట్రాయర్‌లో వాడే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నారు. డేటాబేస్ సర్వర్ పడిపోతే ఆయన ప్రోగ్రామూ ఆగిపోయేది. తప్పు సర్వర్‌ది, మాట పడేది ఈయన. సర్వరే లేకుండా నేరుగా ఫైల్లోంచి చదివితే పోలా అనుకున్నారు. ఆయన రాసేదేమో టికిల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. అందులో ప్రతి విలువా స్ట్రింగే, అంటే అక్షరాల వరుసే. అడిగే భాషకే టైపుల పట్టింపు లేనప్పుడు, ఇచ్చే డేటాబేస్‌కి ఎందుకుంటుంది?

ఇక్కడిదాకా నేను ఆయన పక్షమే. కోట్స్‌లో '30' ఇచ్చినా ఇంటీజర్ కాలమ్‌లో అంకెగా మార్చుకుంటుంది, మారనిదాన్ని ఉన్నదున్నట్టు ఉంచుతుంది. యాప్ సెట్టింగులు దాచుకునే టేబుల్‌కి ఇంతకన్నా హాయి ఏముంటుంది?

నా చెయ్యి కాలింది మరోచోట. ఫోన్ నంబర్ల కాలమ్‌కి టైప్ 'స్ట్రింగ్' అని రాశా. 040తో మొదలయ్యే హైదరాబాద్ ల్యాండ్‌లైన్లన్నీ ముందు సున్నా పోగొట్టుకుని 40తో తేలాయి.

[స్క్రీన్ మీద: కాలమ్ టైప్ 'స్ట్రింగ్', దాని కింద సున్నా ఎగిరిపోయిన నంబరు.]

ఎందుకంటే ఎస్‌క్యూలైట్ టైప్ పేరులో కొన్ని అక్షరాల కోసం వెతుకుతుంది. 'ఇంట్' కనిపిస్తే ఇంటీజర్, 'చార్' గానీ 'టెక్స్ట్' గానీ ఉంటే టెక్స్ట్. 'స్ట్రింగ్'లో ఇంగ్లిష్ స్పెల్లింగ్ ప్రకారం అవేవీ లేవు, కాబట్టి న్యూమరిక్, అంటే అంకెల కాలమ్. అంకెగా మారితే ముందు సున్నా మిగలదు. ఇంకా తమాషా, దశాంశ సంఖ్యల కోసం 'ఫ్లోటింగ్ పాయింట్' అని రాస్తే అది ఇంటీజర్ అవుతుంది. 'పాయింట్' చివర 'ఇంట్' ఉంది కదా! దీన్ని కూడా ఫీచర్ అంటే నేను ఒప్పుకోను.

ఇంకోటి ఉంది, దాన్ని వాళ్లు కూడా ఫీచర్ అనరు. ప్రతి వరుసనీ విడిగా గుర్తుపట్టడానికి వాడే కాలమ్‌ని ప్రైమరీ కీ అంటారు. చాలా టేబుళ్లలో దానికి నల్, అంటే ఖాళీ విలువ, వేసినా తీసుకుంటుంది. పాత వెర్షన్లలో దొర్లిన బగ్ అది. తెలిసేసరికి ఆ బగ్ మీదే ఆధారపడ్డ యాప్‌లు ఉండొచ్చు, సరిచేస్తే అవి విరిగిపోతాయి. అందుకే డాక్యుమెంటేషన్‌లో ఒప్పేసుకుని అలాగే వదిలేశారు. దీన్ని వాడేవాళ్లు కూడా తక్కువేం కాదు. ఆండ్రాయిడ్‌లో మీ వాట్సాప్ మెసేజ్‌లు ఉన్నది ఎస్‌క్యూలైట్ ఫైల్లోనే. ఐఫోన్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ అన్నీ వాడేది దీన్నే. 2004లో వచ్చిన మూడో వెర్షన్ ఫైళ్లు ఇవాళ్టికీ తెరుచుకుంటాయి. 2050 దాకా సపోర్ట్ ఇస్తామని మాటిచ్చినవాళ్లు పునాది రాయి కదపడానికి జంకడంలో తప్పేముంది?

పోట్లాడినవాళ్లకి దక్కింది 2021 నవంబర్‌లో, 3.37 వెర్షన్‌లో. పాత పద్ధతి అలాగే ఉంది. కావాలంటే టేబుల్ చివర 'స్ట్రిక్ట్' అని ఒక్క మాట చేర్చుకోవచ్చు.

[అదే టేబుల్, చివర 'స్ట్రిక్ట్'తో. 'ముప్పై', ఎంటర్. ఎర్రర్.]

ఇప్పుడు అరిచింది. ఇందులో 'స్ట్రింగ్' అనే టైప్ పేరునే ఒప్పుకోదు. అప్పుడే ఇది ఉండుంటే నా ల్యాండ్‌లైన్ల టేబుల్ తయారయ్యేదే కాదు.