నా ఉత్తరం మా మనవరాలు విన్నది

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదవడం మర్యాదే. కానీ నాకిచ్చింది ఇరవై నిమిషాలు, అందులో శాలువాలకే ఎనిమిది పోయాయి. పెద్దలు మన్నించాలి.

ఆహ్వానపత్రంలో నా అంశం 'డిజిటల్ యుగంలో పఠనాభిరుచులు' అని ఉండాలి. ఠ బదులు ట పడింది. పాట్నా వాళ్ళ రుచుల మీద మాట్లాడమన్నారేమో అనుకున్నాను. నవ్వకండి, ముప్పై నాలుగేళ్ళు ఈ మద్రాసులో ప్రూఫులు దిద్ది బతికినవాణ్ణి. నా కంటికి ముందు తప్పే కనబడుతుంది.

ఆరు పేజీలు రాసుకొచ్చాను. జేబులోనే ఉంచేస్తున్నాను, ఎందుకో చెబుతాను.

పోయిన నెల మా ఆవిడ ఆబ్దికం. షోళింగనల్లూరులో ఉద్యోగం చేస్తున్న మా మనవరాలికి సెలవు దొరకలేదు. ఆ రాత్రి దానికి వాట్సాప్‌లో పెద్ద ఉత్తరం రాశాను, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, గంటన్నర సేపు. పొద్దున్నే ఫోన్ చేసింది. "తాతా, నీ మెసేజ్ విన్నాను. ఏడుపొచ్చింది" అంది.

విన్నావా? చదవలేదా?

"నాకు తెలుగు చదవడం రాదు కదా తాతా! ఫోనే చదివి వినిపిస్తుంది."

అంటే నా దుఃఖాన్ని దానికి ఊరూ పేరూ లేని ఒక ఆడగొంతు చదివి పెట్టిందన్నమాట. నేను రాయలేక ఆగిపోయిన చోట చుక్కలు పెట్టాను. ఆ చుక్కల్ని ఆ గొంతు ఏం చేసిందో!

మీరిప్పుడు "ఈ కాలం పిల్లలు అంతే" అనబోతున్నారు. అనకండి. ఆ పిల్ల ఒకటో తరగతిలో చేరింది 2006లో. ఆ ఏడాదే తమిళం తప్పనిసరి చేస్తూ రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక్కో తరగతి పెంచుకుంటూ పోయారు. ఈ ఊళ్ళో బతుకుతూ తమిళం నేర్చుకోవాలంటే నాకేం అభ్యంతరం లేదు, నేర్చుకోకపోతేనే సిగ్గు. కానీ తెలుగు క్లాసు పోయింది, దాని చోట ఇంట్లో మనం ఏం పెట్టాం? ఆదివారం అరగంట పలక పట్టుకుని కూర్చోబెట్టామా? నేను కూర్చోబెట్టలేదు. ఊళ్ళోవాళ్ళందరి తప్పులూ దిద్దాను, ఇంట్లో అక్షరాలు దిద్దించలేదు.

మా ప్రెస్సులో ఇద్దరు తమిళ కంపోజిటర్లు ఉండేవారు. చేత్తో టైపు పేర్చే రోజులు. వాళ్ళకి తెలుగులో "అన్నం తిన్నారా" కూడా సరిగ్గా పలకడం రాదు. కానీ ఏ వత్తు ఏ గడిలో ఉందో చూడకుండా తీసేవారు. రాతప్రతిలో రచయిత తప్పు రాస్తే ఆగి, "సార్, ఇక్కడ ఏదో తేడాగా ఉంది" అనేవారు. వాళ్ళకి మాట రాదు, అక్షరం వచ్చు. మా మనవరాలికి మాట వచ్చు, అక్షరం రాదు. నలభై ఏళ్ళలో ఈ ఊళ్ళో తెలుగు ఇలా తలకిందులైంది.

వినడం కొత్తేం కాదనుకోండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో ఆంధ్రపత్రికని ఇక్కడ దినపత్రికగా మొదలుపెట్టారు. ఆ పత్రిక రైలెక్కి ఊళ్ళకి పోతే, అరుగు మీద ఒకరు చదవడం, పదిమంది వినడం. చందమామ 1947 జులైలో తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి ఈ ఊళ్ళోనే పుట్టింది. దాన్ని కూడా సగంమంది పిల్లలు అమ్మ నోటి మీదుగానే విన్నారు. తేడా ఏమిటంటే, చదివే మనిషి పక్కనే ఉండేది. "తర్వాత ఏమైంది?" అంటే చెప్పేది, లేకపోతే కసిరేది.

2016లో జియో వచ్చి డేటా చౌకయ్యాక, అరుగు మీద విన్న ఆ పదిమందికీ తలా ఒక ఫోన్ వచ్చింది. ఎవరి చెవిలో ఏముందో పక్కవాడికి తెలీదు. ఇందులో మంచి లేదనను. అక్షరం రానివాళ్ళకి కూడా ఇవాళ పంట ధరలూ పాతకథలూ అందుతున్నాయి. ఇంకో తేడా మా వృత్తివాళ్ళకే తెలుస్తుంది. మా రోజుల్లో అమ్ముడుపోక వెనక్కొచ్చిన కట్టల్ని బట్టి ఎన్ని పోయాయో తెలిసేది. పాఠకుడు ఏ వాక్యం దగ్గర విసుగెత్తి మానేశాడో తెలిసేది కాదు. ఇప్పుడు ఏ సెకనులో వెళ్ళిపోయాడో కూడా లెక్క ఉంటుంది. అందుకే 'ఏం జరిగిందో తెలిస్తే షాకవుతారు' అని శీర్షిక పెట్టి, అసలు సంగతి ఆఖరి పేరాలో దాస్తారు. ఇలాంటి శీర్షిక పట్టుకొస్తే మా ఎడిటరు గేలీ ప్రూఫు మొహాన కొట్టేవాడు.

సరే, అసలు మాటకొస్తాను. టైమయిందని కార్యదర్శిగారు చీటీ పంపారు, చూశాను.

మా ఆవిడకి ఒక అలవాటు. వారపత్రికల్లో సీరియల్ కాగితాలు చింపి, సూదీ దారంతో కుట్టి, అట్ట వేసి బైండు చేసేది. మీ ఇళ్ళల్లోనూ చేశారు, చేతులెత్తండి... అదిగో, ఎంతమందో! మా ఇంట్లో అలాంటివి ఇరవై మూడు. అంచుల్లో పెన్సిలుతో రాసుకునేది: "ఈ అల్లుడు మోసగాడు", "వచ్చేవారం ఏడిపిస్తాడు" అని. వాటిని ఈ సంఘం గ్రంథాలయానికే ఇచ్చాను.

వాటి గురించే ఆ ఉత్తరంలో రాశాను. అది విన్న మా మనవరాలు మొన్న శనివారం ఇక్కడికి వచ్చింది. అచ్చు కాగితాన్ని ఫోన్‌తో ఫోటో తీస్తే చదివి వినిపిస్తుందట. పెన్సిలు రాత మాత్రం దానికి అందదట. "అమ్మమ్మ ఏం రాసిందో నేనే చదవాలి తాతా, అక్షరాలు నేర్పుతావా?" అంది. పాతికేళ్ళ పిల్ల!

మేడ మీదికి వెళ్తే బీరువాకి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో వాచ్‌మన్‌కి తెలీదు. బీరువాకి ఆనించి మడత కుర్చీలు పేర్చారు. పత్రికలు వేసే బల్ల మీద శాలువాల కట్టలు.

కార్యదర్శిగారూ, ఆ తాళంచెవి మీ దగ్గరుందా, కోశాధికారిగారి దగ్గరా? తల ఊపారు, సభంతా చూసింది. ఆదివారం పదింటికి నేనూ ఆ పిల్లా వస్తాం. పలక నేను తెస్తాను. మీ ఇళ్ళల్లో చదవడం రాని మనవలుంటే వెంటబెట్టుకు రండి. కుర్చీలు నేనే జరుపుకుంటాను, తాళంచెవి మాత్రం ఈ రాత్రికే ఇప్పించండి. వందన సమర్పణ అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటాను.